పాఠకుల ప్రశ్నలు – జవాబులు: తాడు మీది అల, గోడ మీది చార

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం డిగ్రీ తొలి రెండు సంవత్సరాలలో చెప్పే తరంగాలు, కాంతిశాస్త్రం పాఠాల గురించే ఉన్నాయి. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల అధ్యాపకులూ విద్యార్థులూ రాసిన వాటిలో కొన్నింటిని ఎంచుకొని, ఇదే ప్రాంతంలో ముప్పై ఏళ్లకు పైగా ఈ పాఠాలే చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా నాకు తోచిన జవాబులు ఇస్తున్నాను. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాను.

ప్రశ్న: నేను ఒక డిగ్రీ కళాశాలలో మూడేళ్లుగా భౌతికశాస్త్రం బోధిస్తున్నాను. మా విద్యార్థులు పురోగామి తరంగ (ముందుకు సాగే అల) సమీకరణాన్ని తప్పు లేకుండా రాస్తారు. తరంగదైర్ఘ్యం, పౌనఃపున్యం ఇచ్చి వేగం కనుక్కోమంటే క్షణంలో కనుక్కుంటారు. కానీ 'తాడును ఇంకా వేగంగా విదిలిస్తే అల అవతలి కొసకు ముందుగా చేరుతుందా?' అని అడిగితే సగానికి పైగా 'చేరుతుంది' అన్నారు. సమీకరణాన్ని ఎన్నిసార్లు వివరించినా ఈ పొరపాటు పోవడం లేదు. ఏం చేయమంటారు? – ఒక అధ్యాపకురాలు, చిత్తూరు

జవాబు: అమ్మా, మీ విద్యార్థుల జవాబు వెనక ఒక అనుభవం ఉంది. రాయిని గట్టిగా విసిరితే వేగంగా పోతుంది, క్రికెట్ బంతి సంగతీ అంతే. అలను కూడా వాళ్లు చేయి విసిరిన ఒక వస్తువుగానే ఊహించుకుంటున్నారు. ఆ ఊహను మీ సమీకరణం కదిలించలేదు, ఎందుకంటే అందులో చేయి ఎక్కడుందో తాడు ఎక్కడుందో వాళ్లకు కనిపించదు. ఇది మన పిల్లలకే వచ్చిన తెగులూ కాదు. అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయంలో 1990ల చివర భౌతికశాస్త్ర బోధన మీద పరిశోధించినవారు ఇదే ప్రశ్న అడిగితే అక్కడి విద్యార్థులలోనూ చాలామంది ఇదే జవాబు చెప్పారు.

సమీకరణాన్ని వారం రోజులు పక్కన పెట్టి, ఎనిమిది మీటర్ల చేంతాడు ఒకటి తెచ్చుకోండి. దాన్ని తూచండి. 800 గ్రాములు ఉందనుకుందాం, అంటే మీటరుకు 100 గ్రాములు. ఒక కొసను ఒక విద్యార్థి పట్టుకుంటాడు, రెండో కొసకు స్ప్రింగ్ త్రాసు తగిలించి మరొకరు లాగి పట్టుకుంటారు. త్రాసు దాదాపు నాలుగు కిలోలు చూపిస్తే తాడులోని తన్యత, అంటే బిగువు, 40 న్యూటన్లు. తన్యతను ఏకాంక పొడవుకు ఉన్న ద్రవ్యరాశితో భాగించి వర్గమూలం తీస్తే అల వేగం సెకనుకు 20 మీటర్లు వస్తుంది, కాబట్టి అల 0.4 సెకనులో అవతలి కొసకు చేరుతుంది. తన్యతను 10 న్యూటన్లకు తగ్గిస్తే వేగం సగమై, అదే దూరానికి 0.8 సెకను పడుతుంది. అప్పుడు తాడు మధ్యలో కొంచెం వేలాడుతుంది గానీ ఫర్వాలేదు. ఈ కాలాలను గడియారంతో పట్టుకోవడం కష్టం, ఏ విద్యార్థి ఫోనుతోనైనా స్లో మోషన్ వీడియో తీస్తే తేలికగా కొలవవచ్చు.

అయితే తాడును విదిలించే ముందు ప్రతి విద్యార్థి చేతా ఒక చీటీ మీద జవాబు రాయించి తీరాలి. చేయి వేగంగా విదిలిస్తే, ఎత్తుగా విదిలిస్తే, తాడు బిగిస్తే, బరువైన తాడు తెస్తే, ఈ నాలుగింటిలో దేనికి అల త్వరగా చేరుతుంది? ముందు తన ఊహను రాసి సంతకం పెట్టినవాడికే ఆ ఊహ తప్పినప్పుడు చురుక్కుమంటుంది. రాయకుండా చూసినవాడు ఏం జరిగినా 'నేనూ అదే అనుకున్నాను సార్' అంటాడు. ఈ ఒక్క నియమం వల్ల నా తరగతిలో కలిగిన మేలు నేను గీసిన వంద బొమ్మల వల్ల కలగలేదు.

తాడు మధ్యలో ఒకచోట ఎర్ర దారం ముడి వేయించండి. ముడి పైకీ కిందికీ ఊగుతుంది, అల మాత్రం కొస నుంచి కొసకు పోతుంది. చేయి ఎంత వేగంగా ఆడితే ముడి అంత వేగంగా ఆడుతుంది. అంటే విద్యార్థి మనసులో ఉన్న 'వేగం' పూర్తిగా అబద్ధం కాదు, అది తాడులోని కణం వేగం. అల వేగం తాడు బిగువు మీదా బరువు మీదా ఆధారపడుతుంది. ఈ రెండు వేగాలకూ వేర్వేరు పేర్లున్నాయని తెలిశాక చాలా గందరగోళం దానంతట అదే తగ్గుతుంది.

ఇంకొక మాట. సైన్ తరంగంతో పాఠం మొదలుపెట్టకండి. సైన్ తరంగం ముందు నుంచి చూసినా వెనక నుంచి చూసినా ఒకేలా ఉంటుంది కాబట్టి అసలు చిక్కును దాచేస్తుంది. ముందు భాగం నిటారుగా, వెనక భాగం ఏటవాలుగా ఉన్న ఒకే ఒక్క అలను కుడివైపుకు పోతున్నట్లు బల్ల మీద గీసి, 'ఇది ఒక క్షణంలో తాడంతటికీ తీసిన ఫోటో. ఇప్పుడు ఎర్ర ముడి ఒక్కదాని కథను కాలంతో పాటు గీయండి' అనండి. ఫోటోలో నిటారు భాగం కుడివైపున ఉంటుంది. కాలంతో గీసిన పటంలో అదే భాగం ఎడమవైపుకు వస్తుంది, ఎందుకంటే ముడిని ముందుగా చేరేది అదే. దీన్ని సరిగా గీసిన విద్యార్థికి సమీకరణంలో స్థానమూ కాలమూ రెండూ ఎందుకున్నాయో, వాటి మధ్య రుణ గుర్తు ఎందుకు పడిందో మళ్లీ చెప్పనక్కరలేదు.

ధ్వని దగ్గరికి వచ్చినప్పుడు మన ఊరి ఉదాహరణే ఒకటి ఉంది. గోవిందరాజస్వామివారి ఊరేగింపు మూడు వందల నలభై మీటర్ల దూరంలో ఉంటే నాదస్వరం మన చెవికి సుమారు ఒక సెకను ఆలస్యంగా చేరుతుంది. పౌనఃపున్యం పెరిగితే ధ్వని వేగం కూడా పదో వంతు పెరిగేదే అయితే, తారస్థాయి స్వరం మంద్రస్థాయి డోలు దెబ్బ కంటే దాదాపు పదో వంతు సెకను ముందుగా వచ్చేసి తాళం చెదిరిపోయేది. దూరాన ఉన్నవాడికీ పాట పాటలాగే వినిపిస్తోందంటే గాలిలో అన్ని స్వరాలూ ఒకే వేగంతో వస్తున్నాయన్నమాట.

ప్రశ్న: రెండు కాంతి తరంగాలు కలిస్తే ఒకచోట వెలుగు, మరొకచోట చీకటి ఏర్పడతాయని పాఠం చెబుతుండగా, తరగతి గదిలోని రెండు ట్యూబ్‌లైట్ల వల్ల గోడ మీద చారలు ఎందుకు పడలేదని ఒక విద్యార్థి అడిగాడు. 'అవి సంబద్ధ జనకాలు కావు' అన్నాను. అది పేరే తప్ప కారణం కాదని నాకూ తెలుసు. ఎలా చెప్పాలి? – ఒక అధ్యాపకుడు, పుత్తూరు

జవాబు: ఆ విద్యార్థిని జాగ్రత్తగా చూసుకోండి. ఏడాదికి ఒకరో ఇద్దరో తప్ప అడగని ప్రశ్న అది.

దీన్ని కాంతితో మొదలుపెట్టకుండా ధ్వనితో మొదలుపెట్టాలని నా అభిప్రాయం. గోడలున్న గదిలో ప్రతిధ్వనులు అడ్డం వస్తాయి కాబట్టి కళాశాల మైదానంలోకి వెళ్లండి. ఒకే ఫోనుకు కలిపిన రెండు స్పీకర్లను ఒక మీటరు ఎడంగా పెట్టి, రెండింటిలోనూ 1,700 హెర్ట్‌జ్‌ల ఒకే స్వరం మోగించండి. మన ఎండల్లో ధ్వని వేగం సెకనుకు 350 మీటర్లకు దగ్గరగా ఉంటుంది కనుక తరంగదైర్ఘ్యం సుమారు 20 సెంటీమీటర్లు. స్పీకర్లకు ఐదు మీటర్ల దూరంలో, వాటికి సమాంతరంగా నేల మీద ఒక ముగ్గు గీత గీసి, విద్యార్థులను ఒక చెవి మూసుకొని దాని వెంట మెల్లగా నడవమనండి. తరంగదైర్ఘ్యాన్ని దూరంతో హెచ్చించి స్పీకర్ల ఎడంతో భాగిస్తే ఒక మీటరు వస్తుంది. గీత మధ్యభాగంలో ఒక పెద్ద శబ్దానికీ తర్వాతి పెద్ద శబ్దానికీ మధ్య దాదాపు ఆ మీటరే ఉంటుంది, వాటి నడుమ అర మీటరు దగ్గర శబ్దం సన్నగిల్లుతుంది. రెండు తరంగాలు కలిసి ఒకచోట బలపడి మరొకచోట సన్నగిల్లడమే వ్యతికరణం. కాళ్లతో నడిచి చెవితో పట్టుకున్న వ్యతికరణ చార ఇది.

ఇప్పుడు ఒక స్పీకర్ తీగలు రెండింటినీ ఒకదాని చోట మరొకటి మార్చి కలపండి. గీత మధ్యలో ఇంతవరకు పెద్దగా వినిపించిన చోట శబ్దం పడిపోతుంది. ఒక స్పీకర్ పొర బయటికి వచ్చే క్షణంలో రెండోది లోపలికి పోతోంది, అంటే వాటి మధ్య దశాభేదం 180 డిగ్రీలైంది (దశ అంటే ఊగే చక్రంలో ఆ క్షణాన ఎక్కడున్నదన్నది; పూర్తి చక్రం 360 డిగ్రీలు). ఆ తర్వాత అడగవలసిన ప్రశ్న ఇది: 'ఎవరైనా కనిపించనివాడు ఆ తీగలను సెకనుకు కోట్లసార్లు ఇష్టం వచ్చినట్లు మారుస్తూ ఉంటే మీకు ఏం వినిపిస్తుంది?' పెద్ద శబ్దాలూ చిన్న శబ్దాలూ చోట్లు మార్చుకుంటూ పోయి, చెవికి అంతటా ఒకే మధ్యరకం శబ్దం మిగులుతుందని తరగతి తానే చెబుతుంది. రెండు ట్యూబ్‌లైట్ల మధ్య జరుగుతున్నది అదే. ఒక్కొక్క పరమాణువు సెకనులో సుమారు పది కోట్లవ వంతు కాలం కాంతిని వెదజల్లి ఆగిపోతుంది, తర్వాత వచ్చే తరంగానికి దశ కొత్తగా మొదలవుతుంది. ఒక దీపంలోని పరమాణువులకు రెండో దీపంలోని వాటి సంగతి తెలియదు. గోడ మీద చారలు ప్రతి క్షణం పడుతూనే ఉన్నాయి, పడిన క్షణమే పక్కకు జరిగిపోతున్నాయి. మన కన్ను చూసేది వాటి సగటును.

థామస్ యంగ్ చేసిన ఉపాయం గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. 1803లో ఆయన రాయల్ సొసైటీకి వివరించిన ప్రయోగంలో కిటికీ తలుపుకు చేసిన సన్నని రంధ్రం గుండా వచ్చిన సూర్యకిరణానికి అడ్డంగా, అంగుళంలో ముప్పయ్యో వంతు మందం ఉన్న అట్టముక్కను అంచు మీదుగా నిలబెట్టాడు. ఒకే కాంతి రెండు పాయలైంది. మూలంలో దశ ఎన్నిసార్లు మారినా రెండు పాయల్లోనూ ఒకేసారి మారుతుంది, వాటి మధ్య తేడా మారదు, అందుకే చారలు నిలబడతాయి. సంబద్ధ జనకాలంటే ఇలాంటివే.

ఈ మెట్టు ఎక్కాక లేజర్ తీయండి. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్, 0.2 మిల్లీమీటర్ల ఎడం ఉన్న జంట చీలికలు, రెండు మీటర్ల దూరాన గోడ: చార వెడల్పు ఆరున్నర మిల్లీమీటర్లు. 532 నానోమీటర్ల పచ్చ లేజర్ అయితే 5.3. మైదానంలో వాడిన లెక్కే ఇక్కడా వాడామని విద్యార్థుల చేతే చెప్పించాలి. లేజర్ కిరణం గానీ, మెరుగు వస్తువు మీద పడి తిరిగొచ్చిన కిరణం గానీ ఎవరి కంట్లోనూ పడకుండా చూడటం మాత్రం మీ బాధ్యత.

చీకటి చారలో కాంతి ఏమైపోయిందని కూడా వాళ్లు అడుగుతారు. ఎక్కడికీ పోలేదు. వెలుగు చార నడుమ తీవ్రత ఒక్కొక్క చీలిక ఇచ్చేదానికి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. చీకటి చారలో సున్నా. సగటు తీస్తే రెండు రెట్లే, లెక్క సరిపోయింది.

ప్రశ్న: కుంభాకార కటకంలో పై సగాన్ని నల్ల కాగితంతో మూసేస్తే ప్రతిబింబంలో సగం పోతుందని మా ట్యూషన్ మాస్టారు అన్నారు. నిజమేనా? – ఒక ఇంటర్ విద్యార్థి, శ్రీకాళహస్తి

జవాబు: కాదు నాయనా. ప్రతిబింబం మొత్తం ఉంటుంది, వెలుగు తగ్గుతుంది. వస్తువు మీది ప్రతి బిందువు నుంచీ కిరణాలు కటకం అంతటి మీదా పడతాయి, మూయని సగం గుండా పోయినవి కూడా అదే చోట కలుస్తాయి. పుస్తకంలో రెండు కిరణాలే గీయడం గీసేవాడి సౌకర్యం కోసం. మధ్యాహ్నం గది తలుపు మూసి, భూతద్దంతో కిటికీ ప్రతిబింబాన్ని ఎదుటి గోడ మీద పట్టి, సగం అద్దానికి అట్ట అడ్డం పెట్టి నీవే చూడు. మీ మాస్టారి మీద అలగనక్కరలేదు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో గోల్డ్‌బర్గ్, మెక్‌డెర్మాట్ అనే ఆచార్యులు 1987లో ప్రకటించిన పరిశోధనలో కళాశాల పాఠం పూర్తి చేసిన విద్యార్థులు కూడా చాలామంది సగం ప్రతిబింబం మాయమవుతుందనే చెప్పారు.

ప్రశ్న: గాజుపలక మీద కటకం పెట్టి, వాటి మధ్య గాలి పొర వల్ల ఏర్పడే వలయాలను కొలిచే న్యూటన్ వలయాల ప్రయోగంలో మధ్యలో నల్లచుక్క రావాలని పుస్తకం అంటుంది. మా ప్రయోగశాలలో ఒక్కొక్కసారి తెల్లచుక్క వస్తుంది. అయినా అందరి రికార్డుల్లోనూ సోడియం తరంగదైర్ఘ్యం సరిగ్గా 589.3 నానోమీటర్లే వస్తోంది. ఇది ఎలా సాధ్యం? – డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థిని, తిరుపతి

జవాబు: రెండో సంగతికి జవాబు నీకు తెలిసే అడుగుతున్నావని అనుమానంగా ఉంది. నేను పనిచేసిన ఒక కళాశాలలో ఒక ఏడాది ముప్పైకి పైగా రికార్డులలో చివరి అంకె వరకు అదే విలువ వచ్చింది, వాటన్నిటి మీదా నేను సంతకం చేశాను. ఆ సిగ్గుతోనే మరుసటి ఏడాది ప్రయోగాన్ని తిరగేశాను. తరంగదైర్ఘ్యం ఇచ్చేసి, కటకం వక్రతా వ్యాసార్ధాన్ని కనుక్కోమన్నాను. కటకాలు వేర్వేరు కాబట్టి చూసి రాయడానికి ఏ పుస్తకంలోనూ జవాబు ఉండదు. వంపును కొలిచే స్ఫెరోమీటర్‌తో మళ్లీ కొలిచి సరిచూసుకోవలసిందే.

నల్లచుక్క సంగతి మాత్రం సరదాగా ఉంటుంది. కటకమూ గాజుపలకా తాకిన చోట గాలి పొర మందం సున్నా, పథభేదం (రెండు తరంగాలు నడిచిన దూరాల తేడా) సున్నా, కాబట్టి వెలుగు రావాలి కదా! గాలిలోంచి గాజు మీద పడి వెనుదిరిగిన తరంగం తలకిందులవుతుంది, గాజులోంచి గాలి అంచున పడి వెనుదిరిగినది కాదు. ఇది తాడుతోనే చూడవచ్చు. చేంతాడు కొసను కిటికీ ఊచకు కట్టి పైకి ఒక అల పంపితే అది కిందికి తిరగబడి వెనక్కి వస్తుంది. ఆ తలకిందులే ఇక్కడ నల్లచుక్క అయింది. కటకానికీ పలకకూ మధ్య దుమ్ము చేరి అవి నిజంగా తాకకపోతే ఆ సందు ఎంతుందో దాన్నిబట్టి మధ్యలో తెలుపైనా రావచ్చు. అందుకే ఒక్క వలయం వ్యాసంతో లెక్క కట్టకుండా రెండు వలయాల వ్యాసాల వర్గాల భేదం తీసుకుంటారు, దుమ్ము వల్ల వచ్చిన తప్పు తీసివేతలో పోతుంది.

వక్రతా వ్యాసార్ధం ఒక మీటరు అయితే పదో నల్ల వలయం వ్యాసం 4.86 మిల్లీమీటర్లు, ఇరవయ్యోది 6.87. వలయాలు బయటికి పోయేకొద్దీ దగ్గరవుతాయని ఈ అంకెల్లోనే కనిపిస్తుంది. దీపం వెలిగించగానే వచ్చే ఎర్రటి వెలుగు అందులోని నియాన్‌ది. సోడియం ఆవిరై పసుపు రంగు నిలకడగా వచ్చేదాకా పది నిమిషాలు ఆగు. సూక్ష్మదర్శిని మరను ఒకే దిశలో తిప్పు, మధ్యలో వెనక్కి తిప్పితే ఆ కొలత పనికిరాదు.

ప్రశ్న: ఇంటర్ దాకా తెలుగులో చదివి వచ్చిన పిల్లలు డిగ్రీలో ఇంగ్లిషు పదాలు చూసి బెదిరిపోతున్నారు. తెలుగు పారిభాషిక పదాలను పూర్తిగా వదిలేయమంటారా? – ఒక అధ్యాపకుడు, పలమనేరు

జవాబు: వదలవద్దు. రెండు పదాలూ పక్కపక్కనే బల్ల మీద రాయండి. 'ఫ్రీక్వెన్సీ' అన్న మాటలో వినిపించని నిర్వచనం 'పౌనఃపున్యం'లో ఉంది: పునః పునః, మళ్లీ మళ్లీ జరగడం. 'నోడ్' కంటే 'అస్పందన స్థానం' నయం, అక్కడ కదలిక లేదని పేరే చెబుతుంది. అలాగని ప్రతి తెలుగు పదమూ మేలు చేస్తుందనలేను. 'వక్రీభవనం' అంటే వంగడం అనే అర్థం వస్తుంది కనుక, కిరణం లంబంగా పడి సూటిగా పోతే అక్కడ వక్రీభవనమే లేదని పిల్లలు అనుకుంటారు. వేగమూ తరంగదైర్ఘ్యమూ అప్పుడూ మారాయని విడిగా చెప్పాలి. ఇక 'దశ' అనగానే మా తరగతిలో ఒకడు 'శని దశా సార్?' అన్నాడు. నవ్వాక ఆ మాటనే పట్టుకున్నాను. జాతకంలోనైనా తాడులోనైనా దశ అంటే తిరిగి తిరిగి వచ్చే చక్రంలో ఇప్పుడు ఎక్కడున్నామన్నదే.

ప్రశ్న: మా ఊరికి దగ్గర్లో గాదంకిలో పెద్ద రాడార్ ఉంది. విద్యార్థులను తీసుకెళ్తే తరంగాల పాఠానికి పనికొస్తుందా, లేక విహారయాత్రగా మిగిలిపోతుందా? – ఒక అధ్యాపకురాలు, పాకాల

జవాబు: ముందుగా ఒక లెక్క చేయించకుండా తీసుకెళ్తే విహారయాత్రే. జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలోని ఆ ఎంఎస్‌టీ (వాతావరణపు మీసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్ పొరలను పరిశీలించే) రాడార్ 53 మెగాహెర్ట్‌జ్‌ల దగ్గర పనిచేస్తుంది. తరంగదైర్ఘ్యం ఎంతో తరగతిలోనే కనుక్కోమనండి: 5.66 మీటర్లు. సోడియం కాంతి తరంగదైర్ఘ్యంతో పోలిస్తే ఇది దాదాపు కోటి రెట్లు. గాలిలోని సుడుల వల్ల వక్రీభవన గుణకంలో వచ్చే చిన్న చిన్న తేడాలలో, అందులో సగం, అంటే 2.8 మీటర్ల దూరంతో పునరావృతమయ్యేవాటి నుంచే ప్రతిధ్వనులు ఒకే దశలో కలిసి గట్టిగా తిరిగి వస్తాయి. స్ఫటికాల పాఠంలో వచ్చే బ్రాగ్ నియమమే ఇది.

అక్కడ చూడవలసింది పెద్ద గిన్నెలాంటి ఆంటెన్నాను కాదు, అసలు అలాంటిది లేదు. సుమారు 130 మీటర్ల చదరపు నేల మీద వరుసకు 32 చొప్పున 1,024 యాగీ ఆంటెన్నాలు (పాత టీవీ ఆంటెన్నాల్లాంటి అడ్డ కడ్డీలవి) నాలుగేసి మీటర్ల ఎడంతో నిలబడి ఉంటాయి. ఏదీ కదలదు. అయినా కిరణపుంజాన్ని నిట్టనిలువు నుంచి పది డిగ్రీలు పక్కకు వంచవచ్చు. ఎలాగంటే, పక్క పక్క ఆంటెన్నాల మధ్య పథభేదం నాలుగు మీటర్లను పది డిగ్రీల సైన్ విలువతో హెచ్చిస్తే సుమారు 0.69 మీటర్లు, తరంగదైర్ఘ్యంతో పోలిస్తే అది 44 డిగ్రీల దశ. ఒక్కొక్క వరుసకు అంత దశ తేడాతో తరంగాలను పంపితే అవన్నీ ఆ వాలు దిశలోనే ఒకదానికొకటి తోడవుతాయి.

ముందుగా అనుమతి తీసుకోండి. వెళ్లడానికి ముందు రోజు పుత్తూరు అధ్యాపకుడికి చెప్పిన రెండు స్పీకర్ల ప్రయోగం మైదానంలో చేయించి, ఒక స్పీకర్‌ను ఐదు సెంటీమీటర్లు వెనక్కి జరపండి. గీత మధ్యలో ఉన్న పెద్ద శబ్దం ఎటు జరుగుతుందో చీటీల మీద రాయించాకే వాళ్లను నడవనివ్వండి. ఐదు సెంటీమీటర్లంటే పావు తరంగదైర్ఘ్యం కనుక అది దాదాపు పాతిక సెంటీమీటర్లు, వెనక్కి జరిపిన స్పీకర్ వైపుకే జరుగుతుంది.